గోల్డ్‌ఫిష్‌కు ప్రాణం మీదికొస్తే: మందుకన్నా ముందు నీళ్లు

క్లుప్తంగా: గోల్డ్‌ఫిష్ ఉన్నట్టుండి నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నా, అడుగున కదలకుండా పడి ఉన్నా, ఎక్కువ సందర్భాల్లో లోపం నీటిలోనే ఉంటుంది. అమోనియా, నైట్రైట్, క్లోరిన్, ఆక్సిజన్ కొరత, ఉష్ణోగ్రతలో హఠాత్తు మార్పు, దోమల మందు ప్రధాన అనుమానితులు. తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి కడగడం, ఏదో ఒక రంగు మందు పోయడం అనే రెండు అలవాట్లు బతకగలిగిన చేపను కూడా చంపుతాయి. గాలి పెంచడం, మేత ఆపడం, నీటిని పరీక్షించడం, క్లోరిన్ తీసిన నీటితో కొంత భాగం మార్చడం తొలి గంట పనులు. రోగాన్ని గుర్తించి మందు వాడటం ఆ తర్వాతి మాట.

ఇంటి అక్వేరియంలో చేప నలతగా కనిపిస్తే చాలామంది చేసే మొదటి పని ఒకటే. తొట్టిని ఖాళీ చేసి, గులకరాళ్లతో సహా తోమి, కుళాయి నీళ్లు నింపుతారు. తర్వాత దుకాణానికి వెళ్లి నీలం మందో, పచ్చ మందో తెచ్చి నాలుగు చుక్కలు వేస్తారు. మర్నాటికి చేప చనిపోతే జబ్బు ముదిరిపోయిందని సరిపెట్టుకుంటారు. అలా పోయిన చేపల్లో కొన్నింటి చావుకు ఆ వైద్యమే కారణమై ఉంటుంది.

ఈ గందరగోళంలో పెంచేవారి తప్పు సగమే. చేప బయటికి చూపించగల లక్షణాలు చాలా తక్కువ. నీటిపైన నోరు తెరవడాన్నే తీసుకుంటే, దాని వెనుక ఆక్సిజన్ కొరత ఉండవచ్చు, అమోనియాతో మొప్పలు కాలి ఉండవచ్చు, నైట్రైట్ రక్తాన్ని పాడుచేసి ఉండవచ్చు, క్లోరిన్ తగిలి ఉండవచ్చు, మొప్పల్లో పరాన్నజీవులు చేరి ఉండవచ్చు. అయిదింటికీ చికిత్స వేరు. పైగా అమోనియాకు రంగు లేదు. తొట్టి అద్దంలా మెరుస్తున్నా అందులో అది పేరుకుని ఉండవచ్చు.

గోల్డ్‌ఫిష్ రెండు మూడు నెలల చేప అన్న నమ్మకం మరో అడ్డంకి. ఇది రోహు, కట్ల కుటుంబానికి చెందిన చేప. చైనాలో వెయ్యేళ్లకు పైగా మనిషి పెంపకంలో ఉంది. సరైన నీటిలో పది పదిహేనేళ్లు బతకడం మామూలు విషయం. బ్రిటన్‌లో 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 వరకు, అంటే 43 ఏళ్లు బతికింది. ఆరు నెలల్లో చేప పోయిందంటే ఆయుష్షు తీరిందని అనుకోవడానికి వీల్లేదు.

అమోనియా లెక్క

చేప తన నత్రజని వ్యర్థంలో ఎక్కువ భాగాన్ని మొప్పల ద్వారా అమోనియాగా వదులుతుంది. చెరువులో అది పలచబడిపోతుంది. యాభై లీటర్ల గాజు తొట్టిలో అక్కడే ఉండిపోతుంది. దాన్ని వదిలించేవి ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద సన్నటి జిగురు పొరగా పెరిగే సూక్ష్మజీవులు. నైట్రోసోమోనాస్ వంటివి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, నైట్రోస్పిరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ హాని చాలా తక్కువ. వారం వారం కొంత నీరు మారుస్తుంటే పోతుంది.

కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవుల దండు తయారు కావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా తొలి వారాల్లో అమోనియా, దాని వెనకే నైట్రైట్ పెరుగుతాయి. పండక్కి కొన్న తొట్టిలో చేపలు రెండో వారంలోనో మూడో వారంలోనో వరుసగా పోవడం, జబ్బు చేపలు అంటగట్టారని దుకాణదారుడితో గొడవపడటం తరచూ చూసేదే. తప్పు అతనిదే అయిన సందర్భాలు లేకపోలేదు. కానీ తొట్టి కొత్తదైతే ముందు అనుమానించాల్సింది అమోనియానే.

అమోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అయాన్ రూపం. అది మొప్పలను అంత తేలిగ్గా దాటలేదు. రెండోది స్వేచ్ఛా అమోనియా, విషం ఇదే. ఏది ఎంత ఉంటుందో నిర్ణయించేవి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం), ఉష్ణోగ్రత. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమోనియాలో విషరూపం దాదాపు 0.6 శాతం. పీహెచ్ 8కి అది 5 శాతం దాటుతుంది, 8.5కి 15 శాతానికి చేరుతుంది. అంటే పరీక్ష కిట్‌లో ఒకే రంగు వచ్చిన రెండు తొట్లలో విషం ఇరవై ఏడు రెట్లు తేడాగా ఉండవచ్చు. స్వేచ్ఛా అమోనియా లీటరుకు 0.02 మిల్లీగ్రాములు దాటకూడదన్నది చేపల పెంపకంలో సాధారణంగా పాటించే హద్దు. పీహెచ్ తెలియకుండా అమోనియా అంకె ఒక్కటే చూసి ధైర్యపడటం గానీ కంగారుపడటం గానీ కుదరదు.

నైట్రైట్ పనితీరు వేరు. అది మొప్పల గుండా రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. ఆ రూపం ఆక్సిజన్‌ను మోయలేదు. నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేపకు ఊపిరాడదు. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు గోధుమ రంగుకు తిరగడం దీని గుర్తు. మొప్పల్లో నైట్రైట్ లోపలికి వచ్చే దారినే క్లోరైడ్ కూడా వాడుకుంటుంది కాబట్టి, నీటిలో కాస్త ఉప్పు కలిపితే క్లోరైడ్ ఆ దారిని ఆక్రమించి నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. అత్యవసరంలో ఉప్పు వాడకానికి ఉన్న ఆధారాల్లో అన్నిటికన్నా గట్టిది ఇదే.

శుభ్రంగా కడిగిన మర్నాడే ఎందుకు పోతాయి

తొట్టిని పూర్తిగా కడగడం ప్రమాదకరం అనగానే వెంటనే నమ్మబుద్ధి కాదు. ఇందులో ఒకేసారి నాలుగైదు దెబ్బలు కలిసి ఉంటాయి.

మొదటిది తెలిసిందే. గులకరాళ్లను, స్పాంజిని కుళాయి కింద తోమితే సూక్ష్మజీవుల పొర పోతుంది. మిగిలినదాన్ని క్లోరిన్ చంపుతుంది. తొట్టి మళ్లీ మొదటి రోజుకు వెళ్తుంది, చేపలు మాత్రం అన్నే ఉంటాయి. స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీటితోనే బకెట్‌లో రెండుసార్లు పిండితే చాలు.

రెండోది క్లోరిన్. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగిలి ఉండాలి. వానాకాలంలో నీరు కలుషితమయ్యే భయంతో మోతాదు పెంచడం సాధారణం. మనిషికి రక్షణ ఇచ్చే ఆ క్లోరినే చేప మొప్పల పలుచని పొరను కాల్చేస్తుంది. దుకాణాల్లో ‘యాంటీ క్లోరిన్’ పేరుతో దొరికే పలుకుల్లో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. అది క్షణాల్లో క్లోరిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. వెడల్పాటి బకెట్‌లో ఇరవై నాలుగు గంటలు ఉంచిన నీటిలోనూ క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసిన రసాయనం) కలిపే చోట్ల మాత్రం నిల్వ ఉంచడం పనిచేయదు. థయోసల్ఫేట్ వేస్తే క్లోరిన్ పోయినా అమోనియా మిగులుతుంది.

మూడో దెబ్బ అంత త్వరగా అర్థం కాదు, అందుకే చాలా చేపలు దీనికి బలవుతాయి. నెలల తరబడి నీరు మార్చని తొట్టిలో సూక్ష్మజీవుల పని వల్లే ఆమ్లం తయారై, నీటి క్షారత కరిగిపోతుంది. పీహెచ్ 6కు, ఇంకా కిందికి దిగుతుంది. అంత ఆమ్లంలో సూక్ష్మజీవుల పని మందగించి అమోనియా పేరుకుంటుంది. అయినా చేప బతికే ఉంటుంది, ఎందుకంటే ఆ పీహెచ్ దగ్గర దాదాపు మొత్తం హాని చేయని రూపంలో ఉంటుంది. ఇప్పుడు ఒక లెక్క చూడాలి. అలాంటి తొట్టిలో మొత్తం అమోనియా లీటరుకు 5 మిల్లీగ్రాములు, పీహెచ్ 6 అనుకుందాం. 25 డిగ్రీల దగ్గర విషరూపం 0.003 మిల్లీగ్రాములకు లోపే. ఇంటివాళ్లకు జాలి కలిగి సగం నీళ్లు తీసి తాజా నీళ్లు పోశారు. మొత్తం అమోనియా రెండున్నరకు తగ్గింది. పీహెచ్ మాత్రం 7.8కి ఎగబాకింది. విషరూపం ఇప్పుడు 0.086. మురికి సగమైంది, విషం ముప్ఫై రెట్లయింది. ఇలాంటి తొట్టిలో పదో వంతు నీటిని రోజూ మారుస్తూ, పది పన్నెండు రోజుల్లో మామూలు స్థితికి తేవడమే మార్గం.

నీటి మూలాన్ని బట్టి మరో తేడా వస్తుంది. బోరు నుంచి అప్పుడే పైకి వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండటం సాధారణం. కొన్ని గంటలు గాలి పట్టించాక దాని పీహెచ్ కూడా మారుతుంది. వేసవి మధ్యాహ్నం మేడమీది ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు చేతికి చురుక్కుమంటాయి; అవే తిన్నగా తొట్టిలోకి పోస్తే ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది. శుభ్రమైనవని ఆర్వో నీళ్లు మాత్రమే నింపే ఇళ్లు కూడా ఉన్నాయి. వాటిలో ఖనిజాలు, క్షారత దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్ నిలకడగా ఉండదు. కాస్త గట్టి నీరే గోల్డ్‌ఫిష్‌కు నప్పుతుంది; ఈ విషయంలో ఆర్వో డబ్బాకు ఖర్చు పెట్టడం దండగ.

దుకాణం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ సంచిలోనూ ఇదే రసాయనం పనిచేస్తుంది. చెన్నై శివారు కొళత్తూర్ నుంచో, కోల్‌కతా చుట్టుపక్కల పెంపకందారుల నుంచో ఆక్సిజన్ నింపిన సంచుల్లో గంటల తరబడి ప్రయాణించిన చేపల నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ తగ్గుతుంది, అమోనియా అణిగి ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. విప్పిన సంచిని తొట్టిలో గంటసేపు తేలనివ్వడం వల్ల దూరప్రయాణం చేసిన చేపకు మేలుకన్నా కీడే ఎక్కువ. సంచి మూసి ఉండగానే ఉష్ణోగ్రత సమం చేసి, విప్పిన వెంటనే చేపను వలతో తీసి తొట్టిలో వేయాలి. సంచి నీళ్లు తొట్టిలో కలపకూడదు.

ఎండలు, కరెంటు కోతలు

నీరు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే మంచినీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టుకోగలదు. అదే సమయంలో చేప శరీర క్రియలు వేగమై దాని ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్ 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉండే చల్లనీటి చేప. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో, రెంటచింతలలోనో మూసిన గదిలోని తొట్టి దానికి ఏ మాత్రం అనువైన చోటు కాదు.

కొల్లేరు చుట్టూ చేపల చెరువులు ఉన్నవారికి డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) పడిపోవడం అంటే వివరించనక్కర్లేదు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరవగానే ఏరేటర్లు వేస్తారు. పచ్చబడిన నీటిలోని నాచు రాత్రిపూట ఆక్సిజన్‌ను తయారు చేయదు, వాడుకుంటుంది. ఇంటి తొట్టిలోనూ అంతే. చేపలు రాత్రి చివరి జాములో, తెల్లవారే వేళ ఇబ్బంది పడి, లైటు వేశాక కోలుకుంటున్నాయంటే ముందు ఆక్సిజన్‌నే అనుమానించాలి.

ఆక్సిజన్ లేకుండా గోల్డ్‌ఫిష్ బతకగలదన్న మాట కూడా ప్రచారంలో ఉంది. అందులో నిజం లేకపోలేదు. గడ్డకట్టిన చెరువుల అడుగున అది లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల ద్వారా వదిలించుకోగలదు. దానికి కారణమైన ఎంజైమ్ ఏర్పాటును ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో వివరించారు. అయితే ఆ నేర్పు శరీర క్రియలు నెమ్మదించే చలిలోనే అక్కరకొస్తుంది. 32 డిగ్రీల నీటిలో చేపకు అంత వెసులుబాటు ఉండదు.

కరెంటు పోయినప్పుడు చేయాల్సినవి సులువైనవే. మూత తీయాలి. మగ్గుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోయాలి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఉంటే ఇంకా మంచిది. పంపు నీటిమట్టం కన్నా కింద ఉంటే కరెంటు పోగానే గొట్టం గుండా నీళ్లు వెనక్కి వచ్చి నేలంతా తడుస్తుంది, పంపు పాడవుతుంది. దాన్ని ఎత్తులో పెట్టాలి. మూసి ఉన్న డబ్బా ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి సూక్ష్మజీవులు ఊపిరాడక చస్తాయి. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు తొట్టిలోకి రాకుండా, ముందు దాన్ని విప్పి తొట్టి నీటితో జాడించి మళ్లీ నడపాలి.

చల్లబరచడానికి ఐసు ముక్కలు నీటిలో వేయడం పొరపాటు. మూత బిగించిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి తొట్టిలో తేలనిస్తూ, గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించకుండా తగ్గించాలి. నీటి ఉపరితలం మీదుగా టేబుల్ ఫ్యాను తిప్పితే, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే ఆవిరి ద్వారా తొట్టి రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. పొడిగాలి ఉండే తెలంగాణ, రాయలసీమల్లో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఉక్కపోసే కోస్తాలో ఫలితం తక్కువ.

దోమల మందు సంగతి

చేపలన్నీ ఒకేసారి మెలికలు తిరుగుతూ, గోడలకు గుద్దుకుంటూ, కొన్ని గంటల్లో చనిపోతే అంటువ్యాధి కన్నా విషాన్ని అనుమానించడం సబబు. ఇళ్లలో వాడే దోమల మందులు, బొద్దింకల స్ప్రేలలో ఎక్కువగా ఉండేవి పైరిత్రాయిడ్‌లు. మనిషి శరీరం వాటిని త్వరగా విరిచేస్తుంది. చేప శరీరానికి ఆ సామర్థ్యం చాలా తక్కువ. నాడీకణాల్లో సోడియం ద్వారాలు తెరుచుకునే ఉండిపోయి వణుకు, మూర్ఛ వస్తాయి.

ఇక్కడ అందరూ మరిచిపోయే యంత్రం ఎయిర్ పంపు. అది గదిలోని గాలినే పీల్చి బుడగలుగా నీటిలోకి పంపుతుంది. కాయిల్ పొగ అయినా, ప్లగ్గుకు పెట్టే ద్రవం ఆవిరి అయినా, డెంగీ రోజుల్లో వీధిలో వేసే ఫాగింగ్ అయినా, రాత్రంతా నడిచే పంపు దగ్గర అది ఉంటే తిన్నగా నీటిలో కలుస్తుంది. స్ప్రే కొట్టేటప్పుడు తొట్టిపై తడిగుడ్డ కప్పి, పంపును ఆపి, గది గాలి ఆడాక తిరిగి వేయాలి. విషం కలిసిందని అనుమానం వస్తే మాత్రం పెద్ద ఎత్తున నీరు మార్చడం సమంజసమే. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మిగిలినదాన్ని కొంత పట్టుకుంటుంది.

తొలి గంట

ముందు చూడాల్సింది ఇబ్బంది పడుతున్నది ఒక్క చేపా, అన్నీనా అని. అన్నీ అయితే దాదాపు కచ్చితంగా నీరే. ఒక్కటే అయితే గాయమో, రోగమో, ఇరుక్కున్న రాయో కావచ్చు. రెండో ప్రశ్న: గత రెండు రోజుల్లో ఏం మారింది? కొత్త చేప, కొత్త నీళ్లు, కొత్త మేత, గదిలో రంగులు వేయడం, ఊరెళ్లినప్పుడు పొరుగువారు గుప్పెడు మేత పోయడం. కారణం తరచూ ఈ జవాబులోనే దొరుకుతుంది.

గాలి పెంచాలి. ఏ కారణమైనా దీనివల్ల నష్టం లేదు. మేత పూర్తిగా ఆపాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్‌ఫిష్‌కు వారం రోజుల ఉపవాసం కూడా ప్రమాదం కాదు. నీరు మార్చేముందే ఒక శుభ్రమైన సీసాలో నమూనా పట్టి ఉంచాలి. తర్వాత ఎంత పరీక్షించినా, మార్చేసిన నీరు కారణం చెప్పదు. పీహెచ్, అమోనియా, నైట్రైట్ చూసి, తొట్టి సక్రమంగా నీరు మారుస్తున్నదే అయితే మూడో వంతు నుంచి సగం దాకా, అదే ఉష్ణోగ్రత ఉన్న క్లోరిన్ తీసిన నీటితో మార్చాలి. నెలల తరబడి నీరు మార్చకుండా వదిలేసిన తొట్టి అయితే పైన చెప్పినట్టు పదో వంతే.

చేప తొట్టి నుంచి దూకి నేల మీద పడి ఉంటే, ఒళ్లు ఇంకా తడిగా ఉన్నంతవరకు ఆశ వదులుకోనక్కర్లేదు. తడిచేతులతో ఎత్తి అదే తొట్టి నీటిలో వేయాలి. అంటిన దుమ్మును గుడ్డతో తుడిస్తే చర్మాన్ని కాపాడే జిగురు పొర పోతుంది. నోరు తెరిచే ఉండి మూయలేకపోతుంటే గొంతులో గులకరాయి ఇరుక్కుందేమో టార్చి వేసి చూడాలి. గోల్డ్‌ఫిష్ రాళ్లను నోట్లో వేసుకుని ఊసే చేప. సరిగ్గా దాని నోటంత రాయి ఉన్న తొట్టిలో ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. తల కిందికి ఉండేలా తడిచేతిలో పట్టుకుని గొంతు కింద మెల్లగా నొక్కితే చాలాసార్లు రాయి బయటికి వస్తుంది.

ఉప్పు ఎంత, ఎందుకు

మంచినీటి చేప రక్తంలో లవణాలు చుట్టూ ఉన్న నీటిలో కన్నా చాలా ఎక్కువ. కాబట్టి నీరు నిరంతరం శరీరంలోకి చొరబడుతుంది, మూత్రపిండాలు దాన్ని బయటికి తోడుతూ ఉంటాయి. చర్మమో, మొప్పలో దెబ్బతింటే ఈ చొరబాటు పెరుగుతుంది. నీటిలో ఉప్పు కలిపితే ఆ తేడా తగ్గి చేపకు శ్రమ తగ్గుతుంది. కొన్ని పరాన్నజీవులు కూడా ఉప్పుకు తాళలేవు.

లీటరుకు ఒక గ్రాము తేలిక మోతాదు. నైట్రైట్‌కు అదే చాలు. పరాన్నజీవులకు మూడు గ్రాముల వరకు వెళ్తారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో రాళ్లు, ఖాళీ పోగా సుమారు 45 లీటర్ల నీరుంటుంది. మూడు గ్రాముల లెక్కన 135 గ్రాములు. దాన్ని మూడు భాగాలు చేసి, విడిగా కరిగించి, ఒక రోజులో విడతలుగా కలపాలి. రాళ్ల ఉప్పు మంచిది. ఉప్పు ఆవిరితో పోదు. ఎగిరిన నీటికి బదులు మామూలు నీరే పోయాలి, మార్చిన నీటికి మాత్రమే ఉప్పు లెక్కగట్టాలి. తొట్టిలో మొక్కలుంటే చేపను వేరే టబ్బులోకి మార్చి అక్కడ వాడటం మేలు.

మందు సీసాలు

తెల్లమచ్చల వ్యాధి గోల్డ్‌ఫిష్‌లో తరచూ కనిపించేది. ఒళ్లంతా, రెక్కల మీదా రవ్వ గింజలు చల్లినట్టు చుక్కలు వస్తాయి. దీన్ని తెచ్చేది ఒక పరాన్నజీవి; చర్మం కింద ఉన్నంతవరకు దాన్ని ఏ నీటి మందూ తాకదు. అది రాలి, అడుగున పిల్లలు పెట్టి, ఆ పిల్లలు కొత్త చేపను వెతుక్కుంటూ ఈదే కొద్ది గంటల్లోనే మందు పనిచేస్తుంది. వెచ్చని నీటిలో ఈ చక్రం వారంలోపు తిరుగుతుంది, చలిలో వారాలు పడుతుంది. చుక్కలు మాయమవగానే మందు ఆపితే వ్యాధి తిరిగి రావడానికి కారణం ఇదే. మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే వరుసగా తెల్లచుక్కలు ఉండి, చేప హుషారుగా ఉంటే అది రోగం కాదు. జత కట్టే కాలంలో మగ చేపకు వచ్చే బొడిపెలవి. వాటికి వైద్యం చేసి చేపను చంపుకున్నవారున్నారు.

నీలం రంగులో ఉండే మిథిలీన్ బ్లూకు ఉపయోగాలున్నాయి గానీ, అసలు తొట్టిలో పోస్తే ఫిల్టర్ సూక్ష్మజీవులను కూడా దెబ్బతీస్తుంది. విడి టబ్బులో వాడాలి. పచ్చ మందులో ఉండే మాలకైట్ గ్రీన్ పరాన్నజీవులపై శక్తిమంతమైనదే. విషపూరితం కాబట్టే తినే చేపల్లో దాన్ని చాలా దేశాలు నిషేధించాయి. చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గొట్టాలు విప్పి నీటిలో చల్లడం మరో పాత అలవాటు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో ఆ మందు కట్టుబడిపోతుంది, చేపకు అందేది కొద్దిగానే. ఫిల్టర్‌కు నష్టం, మందుకు లొంగని సూక్ష్మజీవులకు లాభం. పరాన్నజీవులకు, విషానికి, ఆక్సిజన్ కొరతకు అది ఎలాగూ పనిచేయదు. వైరస్‌ల విషయంలోనూ అంతే. జపాన్‌లో 1992లో తొలిసారి గుర్తించిన గోల్డ్‌ఫిష్ హెర్పిస్ వైరస్‌కు ఇప్పటికీ మందు లేదు. కొత్త చేపను మూడు నాలుగు వారాలు విడిగా ఉంచడమే దానికి అడ్డుకట్ట.

తలకిందులుగా తేలే చేప, పొలుసులు లేచిన చేప

గోల్డ్‌ఫిష్ నీటిలో తేలేందుకు తోడ్పడే గాలితిత్తికి ఆహారనాళంతో గొట్టం కలిసి ఉంటుంది. నోటితో గాలి మింగి తిత్తిని నింపుకోగలదు. ఒరాండా, ర్యూకిన్, రాంచూ వంటి గుండ్రటి రకాల్లో పొట్ట కురచబడి, పేగులు, తిత్తి ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి. పైన తేలే పొడి గుళికలు మింగినప్పుడు గాలి కూడా వెళ్లి, పొట్ట ఉబ్బి చేప తలకిందులవుతుంది. అందం కోసం మనిషి మలచిన ఆకారానికి చేప కట్టే మూల్యమిది. రెండు మూడు రోజులు మేత ఆపి, తర్వాత నానబెట్టి మునిగేలా చేసిన మేత, పొట్టు తీసిన ఉడికించిన బఠానీ పెడితే తేలిక కేసులు కుదురుకుంటాయి. తిత్తికి ఇన్ఫెక్షన్ సోకినా, లోపల గడ్డలున్నా బఠానీ ఏమీ చేయలేదు. దాన్ని సర్వరోగ నివారిణిగా చెప్పడం అతిశయోక్తి. తేలుతున్న చేప ఒంట్లో ఏ భాగమైనా నీటిపైకి వచ్చి ఎండిపోతే అక్కడ పుండు పడుతుంది, కాబట్టి ఈలోగా ఆ భాగం తడిగా ఉండేలా చూడాలి.

పొట్ట ఉబ్బి, పై నుంచి చూస్తే పొలుసులన్నీ నిక్కబొడుచుకుని ఉంటే అది వేరే స్థితి. మూత్రపిండాలు నీటిని తోడలేక శరీరంలో ద్రవం నిండిందని దాని అర్థం. ఆ దశకు చేరిన చేపల్లో ఎక్కువ బతకవు. శుభ్రమైన నీరు, వేరే టబ్బు, పశువైద్యుడు సూచిస్తే మెగ్నీషియం సల్ఫేట్, మేతలో కలిపిన యాంటీబయాటిక్ ప్రయత్నించవచ్చు. కోలుకోదని తేలినప్పుడు ఐసు నీళ్లలో వేయడం, టాయిలెట్‌లో వదిలేయడం రెండూ క్రూరమైనవే. లవంగ నూనెలోని యూజెనాల్‌తో మత్తులోకి పంపే పద్ధతిని అమెరికా పశువైద్య సంఘం మార్గదర్శకాలు షరతులతో అనుమతిస్తాయి. నూనెను గోరువెచ్చని నీటిలో బాగా గిలక్కొట్టి, చేప ఉన్న గిన్నెలో ఎక్కువ మోతాదులో కలుపుతారు. మొప్పల కదలిక ఆగాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. జబ్బు చేపను చెరువులో వదలడం దయ అనిపించుకోదు. అక్వేరియాల నుంచి చెరువుల్లోకి చేరిన సక్కర్ చేప మత్స్యకారుల వలలను ఎలా చింపుతోందో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూస్తున్నారు. విదేశాల్లో గోల్డ్‌ఫిష్‌తోనూ అదే సమస్య. అమెరికాలోని బర్న్స్‌విల్ నగరం 2021లో చెరువుల్లో వాటిని వదలవద్దని ప్రజలను కోరాల్సి వచ్చింది.

ఎవరిని అడగాలి

పెంపుడు కుక్కలను చూసే వైద్యుల్లో చేపలను చూసేవారు తక్కువ. ఈ విషయంలో హైదరాబాద్ కన్నా భీమవరం, కైకలూరు వంటి ఊళ్లు నయం. అక్కడి ఆక్వా ల్యాబ్‌లలో పీహెచ్, అమోనియా, క్షారత, కఠినత్వం పరీక్షించడం రోజువారీ పని. ముత్తుకూరు, పెబ్బేరులలో మత్స్య కళాశాలలు ఉన్నాయి. ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు నీరు మార్చకముందు పట్టిన నమూనాను సీసా అంచు దాకా నింపి, మూత బిగించి, అదే రోజు ఇవ్వాలి. గాలి ఖాళీ ఉంటే దారిలోనే పీహెచ్ మారుతుంది. చనిపోయిన చేపను పరీక్షకు ఇవ్వాలంటే సంచిలో వేసి ఐసు మీద పెట్టి కొన్ని గంటల్లోనే చేర్చాలి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే కణజాలం చిట్లి, మొప్పల్లో పరాన్నజీవులు ఉన్నాయో లేదో సూక్ష్మదర్శినిలో తేల్చడం కష్టమవుతుంది.